సముద్రం చల్లార్చిన ద్రాక్ష

ఆఫ్రికా దక్షిణ కొసన హేమెల్-ఎన్-ఆర్డ లోయ. అక్కడి షార్డొనే వైన్ వెనక ఉన్న నేల, చట్టం, చాకిరీ

చల్లని ప్రాంతపు వైన్ అనగానే ఉత్తర ఐరోపా గుర్తుకు రావడం సహజమే గానీ, భూమధ్యరేఖకు దక్షిణంగా 34 డిగ్రీల అక్షాంశం దగ్గర, ఆఫ్రికా ఖండం సముద్రంలోకి దిగిపోయే చోట అలాంటి ద్రాక్ష పండుతుందని పటం చూసి ఊహించడం కష్టం. కేప్‌టౌన్ నగరానికి ఆగ్నేయంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో హెర్మానస్ అనే తీరపట్టణం ఉంది. దాని వెనక నుంచి కొండల్లోకి సాగే హేమెల్-ఎన్-ఆర్డ లోయలో హామిల్టన్ రసెల్ వైన్‌యార్డ్స్ అనే కుటుంబ సంస్థ తయారుచేసే షార్డొనేను, ఆ ద్రాక్షకు పుట్టినిల్లయిన ఫ్రాన్సులోని బర్గండీ వైన్ల పక్కన పెట్టి బేరీజు వేయడం రుచి పరీక్షకులకు చాలాకాలంగా అలవాటైన పని. ఈ గౌరవానికి కారణం నేలా గాలీ అని వైన్ వ్యాపారం చెబుతుంది; అది అబద్ధం కాదు గానీ సగం మాట. ఏ రైతు ఎక్కడ ఎంత ద్రాక్ష పండించాలో ఒక సంస్థే శాసించిన రోజుల్లో, ఆ శాసనంలో చోటు లేని నేలను ఏరి కోరి కొనడం, అక్కడ తీగ నాటే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడటం మిగతా సగం.

షార్డొనే తెల్ల ద్రాక్షల్లో ఒక రకం. పండినప్పుడు లేత ఆకుపచ్చ నుంచి తేనె రంగులోకి తిరిగే చిన్న గింజలు, పలుచని తోలు, బిగుతైన చిన్న గుత్తులు దాని గుర్తులు. బర్గండీ దక్షిణ భాగాన ఇదే పేరుతో ఒక పల్లె కూడా ఉంది. ఈ రకం ఎక్కడి నుంచి వచ్చిందన్న వాదం శతాబ్దాలు నడిచాక, 1999లో వెలువడిన జన్యు పరిశోధన దాన్ని తేల్చింది: కులీనమైనదిగా పేరున్న పీనో ద్రాక్షకూ, ఎందుకూ కొరగానిదని మధ్యయుగపు ఫ్రాన్సులో పదేపదే నిషేధాలకు గురైన గువే బ్లాంక్ అనే నాటు రకానికీ పుట్టిన సంకరమే షార్డొనే. ఆ జంటకే పుట్టిన మరికొన్ని రకాలు కూడా ఉన్నాయని అదే పరిశోధన బయటపెట్టింది. వాటిలో ఓసెర్వా అనే ఒకటి ఈ కథలోకి తర్వాత వస్తుంది. షార్డొనేకు మస్కట్ ద్రాక్షకున్నట్టు ఘాటైన సొంత సువాసన లేదు. అందుకే పెరిగిన చోటి వేడి, మట్టి తత్వం, తయారుచేసినవాడి చేతివాటం అన్నీ అందులో దాపరికం లేకుండా బయటపడతాయి. వేడి ప్రాంతంలో పండితే అనాసపండు, మాగిన మామిడి వైపు మొగ్గే రుచి, చల్లని చోట నిమ్మ, పచ్చి ఆపిల్, తడిరాయి వైపు తిరుగుతుంది.

ఈ తేడాకు మూలం గింజ లోపలి రసాయనంలో ఉంది. ద్రాక్ష ముదిరేటప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: ఆకులు తయారుచేసిన చక్కెర గింజలోకి చేరుతుంది, గింజలో అంతకుముందే పోగైన పులుపు తరుగుతుంది. ఆ పులుపులో ప్రధానమైనవి రెండు. ఒకటైన టార్టారిక్ ఆమ్లం ఎండకు పెద్దగా కదలదు. రెండోదైన మాలిక్ ఆమ్లాన్ని మాత్రం గింజ తన శ్వాసక్రియలో ఇంధనంగా వాడుకుంటుంది, వాతావరణం ఎంత వేడిగా ఉంటే అంత వేగంగా ఖర్చు చేస్తుంది. మాగేకొద్దీ మామిడికాయ పులుపు ఎగిరిపోయినట్టే ఇక్కడా జరుగుతుంది. వేడి ప్రాంతంలో చక్కెర తొందరగా పెరిగి, పులుపు తొందరగా పోయి, వాసనలు ఇంకా కుదురుకోకముందే కోతకు దిగవలసి వస్తుంది. అలాంటి రసం పులిస్తే మద్యసారం ఎక్కువై, నోట్లో బరువుగా, చప్పగా ఉండే వైన్ వస్తుంది. పొడి ఆమ్లం కలిపి దాన్ని నిలబెట్టడం వేడి దేశాల్లో మామూలే. చల్లని చోట గింజకు ఆ తొందర ఉండదు. పూత నుంచి కోత దాకా గడువు సాగుతుంది, చక్కెర మెల్లగా చేరుతుంది, పులుపు నిలుస్తుంది. చల్లని ప్రాంతపు వైన్ అనే మాటకు సాంకేతికంగా ఉన్న అర్థం ఇంతే. మంచుతో గానీ వణికించే చలితో గానీ దానికి సంబంధం లేదు.

హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు విస్తారంగా సాగైన ద్రాక్షతోటలను ఎరిగిన పాఠకులకు ఈ విషయం ఇంకో వైపు నుంచి కూడా బోధపడుతుంది. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో పందిళ్ల మీద పెరిగిన అనాబ్-ఎ-షాహీ తీగకు చలికాలపు నిద్ర లేదు. ఉష్ణమండలంలో ద్రాక్షతీగ ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది కాబట్టి, వేసవిలో ఒకసారి, వానలు వెనకబట్టాక అక్టోబరు ప్రాంతంలో మరోసారి కొమ్మ కత్తిరించి, కన్ను పగలడానికి మందు పూసి, తీగను రైతే పంటకు లేపాలి. సమశీతోష్ణ మండలంలో ఆ పని చలికాలం చేస్తుంది: ఆకు రాలిన తీగ కొన్ని నెలలు నిద్రపోయి, వసంతంలో కళ్లన్నీ ఒక్క ఊపున చిగురిస్తాయి. హేమెల్-ఎన్-ఆర్డ ఈ రెండింటికీ నడిమధ్య ఉంది. అక్కడ వేసవి చల్లనిదే గానీ చలికాలం తగినంత చల్లనిది కాదు, ఎందుకంటే సముద్రం ఎండనే కాదు, చలిని కూడా మెత్తబరుస్తుంది. ఫలితంగా కొన్ని సంవత్సరాల్లో తీగ మీది కళ్లు ఒక్కసారి పగలక, ముందూ వెనకగా చిగురించి, గుత్తులు ఎగుడుదిగుడుగా ముదురుతాయి. బర్గండీ రైతు ఏప్రిల్ మంచుకు భయపడి తోటలో రాత్రంతా మంటలు వేసుకుంటే, ఇక్కడి రైతుకు ఆ భయం లేదు. చలి చాలలేదే అన్న బెంగ ఉంది.

లోయ నైసర్గిక రూపం చూస్తే సముద్రం చేసే పని తెలుస్తుంది. హామిల్టన్ రసెల్ తోటలు వాకర్ బే అనే అఖాతానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఖండపు పడమటి తీరం వెంబడి ఉత్తరానికి సాగే బెంగ్వేలా అనే శీతల ప్రవాహం, తూర్పు నుంచి వచ్చే వెచ్చని అగుల్హాస్ ప్రవాహం కలబడే ప్రాంతం ఇది. వేసవిలో ఆగ్నేయపు గాలి ఉపరితల జలాన్ని పక్కకు తోసినప్పుడల్లా అడుగునున్న చన్నీరు పైకి తేలుతుంది. ఆ నీటి మీదుగా వీచే గాలి మధ్యాహ్నానికల్లా లోయలోకి చొరబడుతుంది; లోపలివైపు అడ్డంగా నిలిచిన బాబిలోన్స్‌టోరింగ్ కొండలు మేఘాన్ని ఆపి తోటలకు నీడ పట్టిస్తాయి. బర్గండీ 47 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూగా ఉంటుంది కనుక, అక్షాంశం లెక్కన ఈ రెండు ప్రాంతాలకూ పోలికే ఉండకూడదు. ఉన్న పోలికంతా సముద్రం పెట్టిన భిక్ష.

నేల సంగతి కూడా చెప్పుకోదగినదే. కొండల పైభాగమంతా టేబుల్ మౌంటెన్ ఇసుకరాయి; దాని మట్టి తేలిక, నీరు నిలవదు. లోయలో కొన్నిచోట్ల మాత్రం బొక్కెవెల్డ్ షేల్ అనే పొరలు పైకి తేలి ఉన్నాయి. షేల్ అంటే పురాతన సముద్రపు అడుగున పేరుకున్న బురద గట్టిపడి పలకలుగా మారిన రాయి. ఇక్కడిది సుమారు నలభై కోట్ల ఏళ్ల నాటిది. అది శిథిలమై రాళ్లు కలిసిన బరువైన బంకమట్టి అవుతుంది. షార్డొనేకు, దాని పేగుబంధువైన పీనో నువార్‌కు బర్గండీలో కుదిరింది బంకమట్టీ సున్నపురాయీ కలిసిన నేల. ఇక్కడ సున్నపురాయి లేదు, బంకమట్టి దండిగా ఉంది. చల్లని ప్రాంతం దొరికినంత మాత్రాన సరిపోదనీ, అందులో ఈ మట్టి ఉన్న చెక్కలను మళ్లీ వెతుక్కోవాలనీ సంస్థకు తర్వాత తరంలో గానీ పూర్తిగా తెలియలేదు.

చల్లదనానికి గడి లేని చట్టం

దక్షిణాఫ్రికాలో వైన్ కొత్తది కాదు. డచ్ ఈస్టిండియా కంపెనీ 1652లో కేప్ దగ్గర స్థాపించిన మజిలీలో తొలి ద్రాక్షరసం పిండింది 1659 ఫిబ్రవరి 2న అని ఆ మజిలీ అధిపతి వాన్ రీబెక్ దినచర్యలోనే నమోదై ఉంది. నాలుగు దిక్కుల నుంచి తెచ్చిన బానిసలు ఆ తొలినాటి తోటల్లో చాకిరీ చేశారు. వారిలో మొజాంబిక్, మడగాస్కర్, ఇండోనేషియా దీవుల వారితో పాటు బెంగాల్, మలబార్, కోరమాండల్ తీరాల నుంచి ఓడలెక్కించిన వారూ ఉన్నారని కేప్ రికార్డుల్లో వారి పేర్ల చివర తగిలించిన ఊరు పేర్లే చెబుతాయి. మచిలీపట్నంలో, భీమునిపట్నంలో కోఠీలు నడిపిన కంపెనీ ఇదే. బానిసత్వం 1834లో రద్దయినా, తోట యజమానికీ కూలీకీ మధ్య దూరం తర్వాత నూటయాభై ఏళ్లకు కూడా పెద్దగా తగ్గలేదు.

ఇరవయ్యో శతాబ్దపు మొదట్లో రైతులకు ఎదురైన కష్టం వేరు: పండింది ఎక్కువ, కొనేవారు తక్కువ. ధర పాతాళానికి పడిపోగా, 1918లో కె.డబ్ల్యు.వి. అనే సహకార సంఘం పుట్టింది. ప్రభుత్వం క్రమంగా దానికి చట్టబద్ధమైన అధికారాలు కట్టబెట్టింది. కనీస ధర నిర్ణయించడం, మిగులు వైన్‌ను కొని బ్రాందీగానో స్పిరిట్‌గానో మరగించడం దాని పనులు. రైతును ఆదుకోవడానికి పుట్టిన సంఘం, కాలం గడిచేకొద్దీ రైతు గొంతు మీద కూర్చుంది. 1957లో అది కోటా పద్ధతి తెచ్చింది. ఎవరి పొలంలో ఎంత ద్రాక్ష పండవచ్చో పరిమితి పెట్టి, ఆ పరిమితిని అప్పటికే సాగు చేస్తున్న పొలాలకు పంచింది. అప్పటికి తోటల్లేని చోట కొత్తగా నాటేవాడికి కోటా లేదు. కోటా లేనివాడు అమ్ముకోవడానికి వీల్లేదు. పర్మిట్ రాజ్యంలో బతికిన భారతీయులకు ఈ తర్కాన్ని విడమరచి చెప్పనవసరం లేదు. లెక్కంతా టన్నుల్లో, లీటర్లలో సాగింది. ఎండ దండిగా కాసి, కాలువ నీరు పారి, తీగకు బోలెడు కాయ కాసే లోతట్టు ప్రాంతాలకు ఆ లెక్క కలిసొచ్చింది. చల్లని గాలికి, తక్కువ దిగుబడికి ఆ రిజిస్టర్లలో గడే లేదు.

టిమ్ హామిల్టన్ రసెల్ రంగప్రవేశం చేసింది ఈ స్థితిలో. ఆయన వృత్తిరీత్యా రైతు కాడు, జె. వాల్టర్ థాంప్సన్ అనే ప్రకటనల సంస్థకు దక్షిణాఫ్రికా విభాగపు అధిపతి. బర్గండీ వైన్ల మీద మక్కువతో, దేశంలో అలాంటివి పండగల చల్లని చోటు కోసం సుమారు పదేళ్లు వెతికి, 1975లో హేమెల్-ఎన్-ఆర్డలో 170 హెక్టార్లు, అంటే నాలుగు వందల ఇరవై ఎకరాల చిల్లర కొన్నాడు. దివీ భువీ అని అర్థమిచ్చే ఆ అందమైన పేరు గల లోయకు అప్పటిదాకా చరిత్రలో ఉన్న గుర్తింపు వేరు: 1817 నుంచి 1840ల మధ్య దాకా కుష్ఠు రోగులను జనానికి దూరంగా ఉంచిన ఆవాసం అక్కడే ఉండేది, తర్వాత వారిని రాబెన్ దీవికి తరలించారు. మండేలాను ఖైదు చేసిన దీవి అదే. జనం వద్దనుకున్నవారిని దాచిపెట్టడానికి పనికొచ్చిన ఏకాంతమే శతాబ్దానికి పైగా గడిచాక తోటల యజమానులకు వరమైంది.

టిమ్ కొన్న నేలకు కోటా లేదు. నాటిన తీగకు కోటా సంపాదించడానికి, తొలి సీసాలను చట్టబద్ధంగా బజారులో పెట్టడానికి ఆయన అధికార యంత్రాంగంతో ఏళ్ల తరబడి తలపడ్డాడు. తొలి పంట వైన్ 1981 నాటిది. ఆ తొలినాళ్ల సీసాల మీద ద్రాక్ష రకం, పంట సంవత్సరం, పండిన చోటు వేసుకునే అనుమతి కూడా లేకపోవడంతో ‘గ్రాన్ వాన్ నువార్’ అనే అస్పష్టమైన పేరుతో వాటిని అమ్మవలసి వచ్చింది. ప్రకటనల వ్యాపారంలో పండిపోయిన మనిషి తన సొంత సరుకు పేరే చెప్పుకోలేకపోవడం విడ్డూరమే. అయితే మాట నేర్పు, పత్రికలతో పరిచయాలు ఉన్న ఆ వృత్తే ఈ వివాదాన్ని బహిరంగ చర్చగా మార్చిందని కూడా ఒప్పుకోవాలి. డబ్బూ పలుకుబడీ లేని రైతు ఎవరైనా ఇదే పని చేసి ఉంటే ఆ లోయ పేరు ఇప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు. కోటా పద్ధతి చివరకు 1992లో రద్దయింది. దానికి కొద్దికాలం అటూ ఇటూగా ఎల్జిన్, అగుల్హాస్ వంటి ఇతర చల్లని ప్రాంతాల్లోనూ తోటలు లేవసాగాయి.

దొంగచాటు కొమ్మలు

నేల దొరికినా నాటడానికి మంచి షార్డొనే తీగ దొరకలేదు. 1970లలో దేశంలో అధికారికంగా లభించిన కొద్దిపాటి షార్డొనే మొక్కలు వైరస్ సోకినవి, సరిగా పండనివి. విదేశాల నుంచి తెప్పించుకుందామంటే క్వారంటైన్ నిబంధనల కింద కొమ్మలు ఏళ్లకేళ్లు ప్రభుత్వ నర్సరీల్లో మగ్గాలి. ఫైలాక్సెరా అనే వేరుపురుగు పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా తోటలను, తర్వాత కేప్ తోటలను తుడిచిపెట్టిన చరిత్ర ఉంది కనుక ఆ నిబంధనలకు కారణం లేకపోలేదు. వాటి అమలు మాత్రం నత్తనడకన సాగింది. ఓపిక నశించిన పలువురు సాగుదారులు ఐరోపా నుంచి కొమ్మలను దొంగచాటుగా తెచ్చి అంట్లు కట్టి పంచుకున్నారు. తీరా తీగ పెరిగి కాయ కాశాక, ఆకుల నిర్మాణం పరిశీలించిన నిపుణులు పెదవి విరిచారు: షార్డొనే అని నాటిన వాటిలో చాలా భాగం ఓసెర్వా. పైన చెప్పిన ఆ తోబుట్టువే. తల్లిదండ్రులు ఒకరే అయినా ఓసెర్వాకు ఆ పులుపు బిగువు లేదు, ఆ వైన్‌కు అంత ఆయుష్షూ లేదు.

ఈ రహస్యం రచ్చకెక్కి 1980ల మధ్యలో క్లోపర్ కమిషన్ అనే విచారణ సంఘం ఏర్పడే దాకా వెళ్లింది. దేశంలో పేరున్న తోటల యజమానులే చట్టం మీరినట్టు తేలడంతో, దోషులను పట్టుకోవడం కంటే నిబంధనలు మార్చడమే మేలన్న అభిప్రాయం బలపడింది. శుభ్రమైన షార్డొనే క్లోనులు దేశంలోకి రావడం ఆ తర్వాత తేలికైంది. క్లోన్ అంటే ఒకే మేలైన తల్లితీగ నుంచి కొమ్మల ద్వారా వృద్ధిచేసిన సంతతి. గింజ నాటితే తల్లి గుణాలు నిలవవు కనుక ద్రాక్షను ఎప్పుడూ కొమ్మతోనే పెంచుతారు. ఈ ఉదంతాన్ని సాహసగాథగా చెప్పుకోవడం కేప్ వైన్ ప్రపంచంలో పరిపాటి. కొమ్మతో పాటు కంటికి కనిపించని రోగాలూ ప్రయాణం చేస్తాయన్న సంగతిని ఆ గాథలు మెల్లగా దాటవేస్తాయి.

1991లో టిమ్ కొడుకు ఆంథొనీ యాజమాన్యం చేపట్టాడు. తండ్రి కాలంలో ఆ పొలంలో రకరకాల ద్రాక్షలు ఉండేవి. కొడుకు నేల పరీక్షలు లోతుగా చేయించి, బంకమట్టి షేల్ ఉన్న 52 హెక్టార్లను గుర్తించి, షార్డొనే, పీనో నువార్ అనే రెండింటిని మాత్రమే ఉంచి మిగతావి తీసేయించాడు. తండ్రి వాతావరణాన్ని వెతికితే కొడుకు మట్టిని వెతికాడు. రెండో వెతుకులాటకు అంత ప్రచారం రాలేదు గానీ, సీసాలోని రుచికి దాని వాటా తక్కువేమీ కాదు. సొవీన్యోన్ బ్లాంక్, పీనోటాజ్ వంటి ఇతర రకాల కోసం సదరన్ రైట్, ఆష్‌బోర్న్ అనే వేరే పేర్లతో పక్కనే మరో రెండు సంస్థలు నెలకొల్పాడు. సదరన్ రైట్ అన్నది ఏటా వాకర్ బేలోకి పిల్లలను కనడానికి వచ్చే తిమింగలాల జాతి పేరు. ఈ మధ్య అమెరికాలోని ఆరెగాన్‌లో కూడా ఈ కుటుంబం వైన్ తయారీ మొదలుపెట్టింది.

తయారీ పద్ధతి బర్గండీ నుంచి నేర్చుకున్నదే. దక్షిణార్ధగోళంలో వేసవి జనవరిలో ముదురుతుంది కనుక కోత ఫిబ్రవరి ప్రాంతంలో పడుతుంది. గుత్తులను చేత్తోనే కోసి, కాడలు తీయకుండా మొత్తంగా పిండుతారు; కాడల మధ్య సందుల్లోంచి రసం మెల్లగా జారడం వల్ల తోలులోని వగరు రసంలోకి దిగదు. తేటపరచిన రసాన్ని ఫ్రెంచి ఓక్ పీపాల్లో పోసి అక్కడే పులియనిస్తారు. బర్గండీ సంప్రదాయపు పీపాలో పట్టేది 228 లీటర్లు. స్టీలు ట్యాంకులో పులిసిన వైన్‌ను తర్వాత పీపాలోకి పోస్తే ఓక్ వాసన పైపూతలా తేలుతుంది; పీపాలోనే పులిస్తే ఈస్ట్ కణాలు ఆ కలప సారాన్ని కొంత తమలోకి పీల్చుకుని, వాసనను అదుపులో ఉంచుతాయి. పీపాలన్నీ కొత్తవి కావు. కొత్త పీపా ఘాటు ఎక్కువ కాబట్టి ఒకటి రెండేళ్లు వాడినవాటిని కలిపి వాడతారు. ఎస్టేటులో దొరికిన బంకమట్టితోనే జాడీలు చేయించి, కొంత రసాన్ని వాటిలో పులియబెట్టిన ప్రయోగం కూడా జరిగింది. తీగ పెరిగిన మట్టిలోనే వైన్ పులియాలన్న ఆ ఆలోచనలో శాస్త్రం పాలు ఎంతో చెప్పలేం గానీ భావుకత పాలు మాత్రం స్పష్టంగా ఉంది.

పులియడం ముగిశాక పని చేసి చచ్చిన ఈస్ట్ కణాలు పీపా అడుగున మెత్తని మడ్డిగా పేరుకుంటాయి. ఆ మడ్డిని తీసివేయక, వైన్‌ను దాని మీదే కొన్ని నెలలు ఉంచడం షార్డొనే తయారీలో కీలకం. కణాల గోడలు మెల్లగా కరిగి వైన్‌కు చిక్కదనాన్ని, కొంచెం కాల్చిన రొట్టె వాసనను ఇస్తాయి; అప్పుడప్పుడు కర్రతో మడ్డిని కలియబెడితే ఆ ప్రభావం పెరుగుతుంది, మరీ కలిపితే వైన్ బద్ధకంగా తయారవుతుంది. ఇదే దశలో మరో మార్పుకు తలుపు తెరవాలా వద్దా అన్న నిర్ణయం ఉంటుంది. కొన్ని బాక్టీరియాలు పదునైన మాలిక్ ఆమ్లాన్ని పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పులుపు మెత్తబడుతుంది, వెంట వెన్న వాసన వస్తుంది. కాలిఫోర్నియా, ఆస్ట్రేలియాల్లో 1980, 90 దశకాల్లో ఈ మార్పును పూర్తిగా జరగనిచ్చి, పైన కొత్త ఓక్ దట్టించి, వెన్నా వెనిలా కలిసిన షార్డొనేను ప్రపంచమంతటికీ అలవాటు చేశారు. చివరకు జనానికి మొహం మొత్తింది. హామిల్టన్ రసెల్ షార్డొనేలో ఈ మార్పును పాక్షికంగానే జరగనిస్తారు. సముద్రం కాపాడి ఇచ్చిన పులుపును పీపాలో పోగొట్టుకోవడానికి ఇష్టపడకపోవడమే ఇందులోని వివేకం.

ఆ వైన్ లేత గడ్డి రంగులో ఉంటుంది. మూతి దగ్గర పెడితే ముందు నిమ్మతొక్క, పియర్ పండు, తర్వాత ఓక్ తాలూకు సన్నని పొగరు. మింగాక నాలుక అంచుల్లో పులుపు చాలాసేపు నిలిచి, అడుగున ఉప్పదనం లాంటి జాడ ఒకటి మిగులుతుంది. ఆ ఉప్పదనం సముద్రపు గాలి వల్లే వచ్చిందని చెప్పడం అమ్మకందారులకు సరదా. నేల రుచి నేరుగా ద్రాక్షలోకి ఎక్కుతుందన్న మాటను మొక్కల శాస్త్రం సమర్థించదు. వేరు పీల్చేది నీటినీ అందులో కరిగిన అతి కొద్ది లవణాలనూ మాత్రమే. మట్టి చేసే పని అన్నిటికన్నా ఎక్కువగా నీటి సరఫరాను అదుపు చేయడం: బంకమట్టి చలికాలపు వానను దాచుకుని వేసవిలో పొదుపుగా వదులుతుంది, తీగ మరీ ఏపుగా పెరగకుండా, మరీ వాడకుండా నిలుస్తుంది. ఈ వైన్‌ను బాగా చల్లబరిచి తాగితే దానికి అన్యాయం చేసినట్టే. ఫ్రిజ్ నుంచి తీసి కొంతసేపు ఆగితే గానీ దాని వాసనలు విచ్చుకోవు.

సీసా బయటి లెక్కలు

దక్షిణాఫ్రికా ఎగుమతి చేసే వైన్‌లో సగానికి పైగా సీసాల్లో కాక, పెద్ద పెద్ద సంచుల్లో, ట్యాంకుల్లో చౌకగా ఓడలెక్కుతుంది. కోటా కాలపు పరిమాణపు మోజు చట్టంతో పోలేదు; వ్యాపారంలో మిగిలింది. ఆ సరుకు ధర మీద బతికే తోటల్లో రైతుకూ మిగిలేది లేదు, కూలీకీ మిగిలేది లేదు. ఖరీదైన షార్డొనే దేశపు ప్రతిష్ఠను పెంచిందన్నది నిజమే అయినా, దేశపు వైన్ అంటే అదే అనుకుంటే పొరపాటు.

కూలీల విషయంలో కేప్ తోటలకు ఉన్న మచ్చ లోతైనది. దినకూలీలో కొంత భాగాన్ని నాసిరకం వైన్ రూపంలో, రోజుకు కొన్ని గుక్కల చొప్పున ఇచ్చే ‘డాప్’ పద్ధతి బానిసల కాలం నుంచి సాగింది. చట్టం దాన్ని 1960ల మొదట్లోనే నిషేధించినా కొన్ని పొలాల్లో 1990ల దాకా నడిచింది. తాగుడుకు బానిసైన కూలీ పొలం వదిలి పోలేడు. ఆ పద్ధతి లక్ష్యమూ అదే. గర్భిణుల మద్యపానం వల్ల పిల్లల ఎదుగుదల దెబ్బతినే జబ్బు ప్రపంచంలోనే అత్యధిక స్థాయిలో నమోదైన చోట్లలో వెస్టర్న్ కేప్ ద్రాక్షపల్లెలు ఉండటం దీని పర్యవసానం. మగవాళ్ల కూలి డబ్బులు సారా దుకాణంలో పోతుంటే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు తిరగబడ్డ సంగతి తెలిసిన తెలుగు పాఠకులకు, కూలికే సారా ఇవ్వడం ఎంత దుర్మార్గమో వేరే చెప్పనక్కర లేదు. 1994లో జాతివివక్ష పాలన అంతమై, ఆంక్షలు తొలగి, విదేశీ కొనుగోలుదారులు తోటల్లో పని పరిస్థితుల గురించి అడగడం మొదలుపెట్టాకే మార్పు వేగం పుంజుకుంది. అయినా ద్రాక్షభూమి యాజమాన్యం ఇప్పటికీ అత్యధికంగా శ్వేతజాతీయుల చేతుల్లోనే ఉంది. ఏ సీసా ముందు లేబుల్ మీదా ఈ సంగతి కనిపించదు.

హేమెల్-ఎన్-ఆర్డలో మాత్రం టిమ్ వెనక పలువురు వచ్చారు. హామిల్టన్ రసెల్‌కు తొలి వైన్ తయారీదారుగా పనిచేసిన పీటర్ ఫిన్లేసన్ 1989లో బర్గండీకి చెందిన పాల్ బుషార్‌తో కలిసి పక్కనే బుషార్ ఫిన్లేసన్ నెలకొల్పాడు. తోటలు లోయ పైకి పాకేకొద్దీ, సముద్రానికి దగ్గరగా ఉన్న కింది భాగం, మధ్య భాగం, ఎత్తైన గట్టు ప్రాంతం ఒకే రుచి ఇవ్వడం లేదని వాదించి, ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో మూడింటికీ వేర్వేరు అధికారిక గుర్తింపులు సాధించారు. ఒకప్పుడు ఇక్కడ ద్రాక్షే వద్దన్న వ్యవస్థ, ఒకే లోయలో మూడు హద్దులు గీయడానికి ఒప్పుకుంది. ఆ హద్దుల్లో నేల ఎంతో, వ్యాపార అవసరం ఎంతో తేల్చడం కష్టం. బర్గండీలో కూడా సన్యాసుల మఠాలు గీసిన హద్దుల్లో ఈ రెండూ కలిసే ఉన్నాయి.

2015 నుంచి 2018 దాకా కేప్ ప్రాంతాన్ని పీడించిన కరువు, 2020లో కరోనా పేరిట దేశంలో మద్యం అమ్మకాల మీద పలుమార్లు పెట్టిన నిషేధాలు, వేసవిలో కొండల మీది పొదలు అంటుకుని వచ్చే పొగ గింజలకు పట్టడం వంటి దెబ్బలు కేప్ తోటలను తరచూ కుదిపాయి. అయితే దక్షిణాఫ్రికా ద్రాక్షకు దీర్ఘకాలంగా ఉన్న అసలు శత్రువు ఆకుముడత వైరస్. పిండినల్లి అనే చిన్న తెల్లని పురుగు తీగ నుంచి తీగకు దాన్ని మోస్తుంది. రోగం సోకిన తీగ చావదు, కాయ మాత్రం సరిగా పండదు, చక్కెర చేరదు. మందు లేదు. రోగపు తీగను వేళ్లతో సహా పెరికి, నేలను కొంతకాలం ఖాళీగా ఉంచి, పరీక్షించిన అంటు నాటి, తొలి పంటకు మూడేళ్లు ఆగడమే దారి. ఎర్ర ద్రాక్షలో ఆకు ఎర్రబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, రోగం శరత్కాలంలో తోట గట్టు మీది నుంచే కనిపిస్తుంది. షార్డొనేలో ఆ రంగు రాదు. ఆకు అంచులు కాస్త కిందికి ముడుచుకోవడం, లేత పసుపు తిరగడం తప్ప వేరే ఆనవాలుండదు, ఆ పసుపు కోత తర్వాత ప్రతి తీగకూ వచ్చేదే. కాబట్టి తెల్లద్రాక్ష తోటల్లో తీగల ఆకుకాడలు కోసి, సంచుల మీద వరుస సంఖ్య రాసి ప్రయోగశాలకు పంపుతారు. ఫలితం వచ్చాక తీగ మొదలుకు రంగు పూస్తారు, చలికాలం కత్తిరింపులు మొదలయ్యేలోగా రంగు పూసినవన్నీ గడ్డపారతో లేచిపోవాలి.